ఆడి గాలిని లెక్కలో చేర్చిన వదిన

పోయిన శుక్రవారం పొద్దున నేను పూజలో ఉండగా అవినాశి ఊరి నుంచి అన్న ఫోన్ చేశాడు. “మీ వదినె పోయిందమ్మా” అన్నాడు. చేతిలోని కర్పూరం వెలిగించకుండానే కూర్చుండిపోయాను. ఏడుపు ఆగాక, ఆమె గురించి గర్వంగా చెప్పాలనిపించింది.

వదిన కోయంబత్తూరులో ఇంజనీరింగ్ కాలేజీ టీచరు. పత్తి పండించే ఇంట్లో పుట్టి, సముద్రపు ఒడ్డును కంప్యూటర్‌లో పెట్టి చూసేది. గాలి, అల, ఇసుక కొలతలు ఇస్తే, ఇసుక ఏ దిక్కుకు కదులుతుందో, ఒడ్డు ఎక్కడ తరుగుతుందో అది తెర మీద రంగుల్లో చూపేది. పన్నెండో తరగతితో ఆపేసిన నాకు కూడా అర్థమయ్యేదాకా చెప్పేది. ఆ చెప్పడంలో ఆమె కాఫీ ప్రతిసారీ చల్లారిపోయేది.

రామనాథపురం వైపు ఒక బెస్తపల్లె ఒడ్డు కోసుకుపోతుంటే, రాతికట్ట ఎక్కడ వేయాలో చెప్పమని ఆమెను అడిగారు. కొలతలకు ఆషాఢంలో బయలుదేరింది. మేము దాన్ని ఆడి అంటాము. ఆ నెల మా ఇళ్ళల్లో కొత్త పని మొదలుపెట్టరు. నేనే అడ్డం పడ్డాను.

“ఆడిలో వద్దు వదినె. ఐప్పసిలో పోండి.”

“సముద్రం పంచాంగం చూస్తదా పాపా?” అని నవ్వింది. అయినా నా మాట తీసెయ్యలేక ఆగింది.

ఐప్పసి, అంటే ఆశ్వయుజం నుంచి రెండు నెలలు కొలిచింది. ఇసుక దక్షిణానికి పోతోందని కంప్యూటర్ చూపింది. పోయే ఇసుకను ఆపి పల్లె ముందే నిలపడానికి కట్ట పల్లెకు దక్షిణం పక్కన వేయాలని తేల్చింది. ఆ మాట చెప్పడానికి పోయినప్పుడు నేనూ వెంట ఉన్నాను. చేపలు ఎండబెడుతున్న ఒక ముసలమ్మ తమిళంలో అడిగింది: “ఆడి గాలికి ఇసుకంతా ఉత్తరానికి పోతుందే, టీచరమ్మా! ఆ గాలిని మీ పెట్టెలో వేశారా?”

వదిన ముఖం పాలిపోయింది. అక్కడ కట్ట పడివుంటే దక్షిణం నుంచి వచ్చే ఇసుక పల్లెకు అందక ఆ ఇళ్ళే పోయేవి. “తప్పు నాది. రెండు నెలల గాలికే లెక్క చేసినాను” అని అందరి ముందూ ఒప్పుకుంది. నా పేరు ఎత్తలేదు.

మరుసటి ఆడిలో ఇద్దరం పోయాము. గాలికి చీర నిలవలేదు. గోవిందా గోవిందా అంటూ కొలతకర్ర పట్టుకున్నాను.

“ఆయన్ని బాగా పిలువు పాపా, కర్రను మాత్రం వదలొద్దు” అంది.

ఏడాదంతా కలిపి చూస్తే ఇసుక ఉత్తరానికే ఎక్కువ పోతోంది. కట్ట ఉత్తరం పక్కన పడింది, అవతలి ఊరికీ ఇసుక అందేలా పొట్టిగా.

రెండేళ్ళకు మళ్ళీ చూడబోయాము. గడపల దాకా వచ్చిన సముద్రం ఎంతో దూరం జరిగింది. పడవలు ఇసుక మీద వరుసగా ఉన్నాయి. వదిన చెప్పులు చేత పట్టుకుని నీళ్ళ వైపు నడిచింది. నీళ్ళు ఎంతకీ రాలేదు. “కాలు కాలుతా ఉండాది పాపా!” అని అరుస్తూ, కొంగు నడుముకు చెక్కుకుని, పకపకా నవ్వుతూ, ఆ కొత్త ఇసుక మీద పరుగెత్తింది.