తార్నాకలో జబ్బకు కట్టిన రూపాయి

ముంబైలో క్రూయిజ్ ఎక్కే ముందు ఒక రోజు, దిగి వచ్చాక ఒక రోజు హైదరాబాదులో ఆగాలని అనంతపురంలోనే ప్లాన్ వేసుకున్నాం. తార్నాకలో, యూనివర్సిటీకి దగ్గర్లో ఒక ఇంట్లో గది దొరికింది. ఇంటావిడ లక్ష్మమ్మ. నుదుట పెద్ద బొట్టు, గుమ్మం పక్కన తులసి కోట.

పొద్దున్నే క్యాంపస్‌లో నడిచొచ్చి బయల్దేరుతుంటే, ఆమె చెప్పాపెట్టకుండా నా చెయ్యి పట్టుకుంది. రూపాయి బిళ్ల ముడివేసిన ఆకుపచ్చ గుడ్డను జబ్బకు బిగించి కట్టింది.

"ఏమ్మా ఇది?" అన్నాను బిత్తరపోయి.

"ఇమామ్ జామిన్ సారూ. సముద్రం మీదికి పోతున్నరు గదా, సలామత్‌గ వస్తరు. మళ్ల గీడికి వచ్చినంక గా పైస గరీబోళ్లకు ఇయ్యుండ్రి."

"అది ముస్లింలు కట్టుకునేది కదమ్మా?"

"లాలాగూడల మా పక్కింటి బీబమ్మ, మా ఆయన రైలు డ్యూటీకి పోతుంటే కట్టేది. ఆమె పోయింది. ఇప్పుడు నేను కడుతున్న."

పొరుగింట్లో మంచినీళ్లు కూడా ముట్టని నా భార్య వెనకే నిలబడి అంతా చూస్తోంది. ఏమంటుందోనని ఆమె వైపు తిరిగాను.

ఆమె గాజులు పైకి తోసుకుని చెయ్యి చాపింది.

"నాకూ కట్టక్కా."