పడుకుని తనిఖీ చేసే దయానంద్ సారు

దయానంద్ సారుకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఏ ఇంటికి తనిఖీకి వెళ్లినా ఆ ఇంట్లో రోగి మంచం మీద తాను పడుకుంటాడు.

మాటవరసకు అంటున్నది కాదు. తిరుపతి నుంచి చుట్టుపక్కల ఊళ్లకు, మంచం పట్టినవాళ్లను చూసుకోవడానికి అటెండర్లను పంపే ఒక హోం కేర్ సంస్థలో ఆయన తనిఖీ అధికారి. అటెండర్ చేతులు కడుక్కుంటోందా, మందులు వేళకు ఇస్తోందా, వీపున పుండ్లు పడకుండా రోగిని పక్కకు తిప్పుతోందా, ఇవన్నీ చూసి నలభై గడుల కాగితంలో టిక్కులు పెట్టడం ఆయన ఉద్యోగం. వేరొకరైతే పావుగంటలో నలభై టిక్కులూ కొట్టేసి, ఇంటివాళ్లిచ్చిన కాఫీ తాగి మూతి తుడుచుకుని బయటపడతారు. ఈయన అలా కాదు. రోగిని పదిలంగా చక్రాల కుర్చీలోకి దింపిస్తాడు. సంచిలోంచి సొంత దుప్పటీ, సొంత దిండు గలీబూ తీసి పరుస్తాడు. చొక్కా పైగుండీ విప్పి వెల్లకిలా పడి, "నాకిప్పుడు కుడికాలు లేదు, కుడిచెయ్యి లేదు, మాట గూడా లేదు. ఇంగ కానీమ్మా!" అంటాడు.

ఆ తర్వాత పిడుగు పడ్డా నోరు విప్పడు. "నీళ్లు కావాల్నా సార్?" అని అడిగితే కళ్లప్పగించి చూస్తాడు. మనిషి తొంభై అయిదు కిలోలు. ఆయన్ని పక్కకు తిప్పిన పిల్ల ఏనుగునైనా తిప్పగలదని సంస్థలో చెప్పుకునేవాళ్లు.

ఒకసారి పలమనేరులో ఇలాగే పడుకుని ఉంటే, అసలు రోగిని పెరట్లో ఎండకు కూర్చోబెట్టారు. అంతలో రోగి చెల్లెలు శకుంతలమ్మ కమలాపళ్ల సంచీతో దిగింది. కళ్లజోడు బస్సులో మర్చిపోయి వచ్చింది.

"అన్నా! రివటలాగ ఉంటివి గదన్నా! జబ్బు చేస్తే మనిషి చిక్కిపోతాడు గానీ, ఇట్ల ఊదిపోతాడా!" అని మంచం పట్టె మీద తల ఆనించి రాగం తీసింది.

దయానంద్ సారుకు మాట లేదు కదా! నిజం చెబితే తనిఖీ చెడుతుంది. ఆయన పైకప్పు చూస్తూ ఉండిపోయాడు. ఆవిడ ఆయన నుదుట విభూతి పెట్టింది. వదిన మీద నాలుగు నిందలు వేసింది. కమలాపండు ఒలిచి తొన తర్వాత తొన నోట్లో పెట్టింది. పదకొండో తొన దగ్గర పెరట్లోంచి అసలు అన్న దగ్గాడు. ఆ సాయంత్రం రిపోర్టులో "బంధువుల ఆదరణ బాగున్నది. గింజలు తీసి పెట్టమని చెప్పవలెను" అని ఉంది.

కార్వేటినగరంలో అయితే ఏకంగా రెండు గంటలు గురకపెట్టి నిద్రపోయాడు. లేచి, "పరుపు చాలా బాగున్నది" అని రాసుకుని వచ్చాడు.

మేనేజర్ కోమలి ఎన్నిసార్లు మొత్తుకుందో లెక్కలేదు. "సార్, మీకు దండం పెడతా. నిలబడి సూసి టిక్కు పెట్టండి. ఇన్‌స్పెక్టరు వచ్చినాడా, పేషెంటు వచ్చినాడా అని ఫోన్లు చేస్తాండారు!"

"నిలబడి సూస్తే మంచం కనబడతాదమ్మా. పండుకొని సూస్తేనే ఇల్లు కనబడేది" అనేవాడు ఆయన. అది తప్పించుకోవడానికి చెప్పే మాట అని కోమలి అనుకునేది. అందరూ అలాగే అనుకునేవాళ్లు.

కాణిపాకం దగ్గరి పల్లె నుంచి వచ్చిన అటెండర్ స్రవంతి కూడా ఈ కథలన్నీ విని పొట్ట పట్టుకుని నవ్వినదే. తన మీద ఫిర్యాదు వెళ్లి, దయానంద్ సారు రేపు వస్తున్నాడని తెలిసిన రోజున మాత్రం ఆమెకు నవ్వు రాలేదు.

ఆమె చూసుకునేది తిరుపతి బైరాగిపట్టెడలో మునిరామయ్యను. ఆర్టీసీలో ముప్పై ఏళ్లు కండక్టర్‌గా చేసి దిగిపోయిన మనిషి. పక్షవాతం వచ్చి కుడిపక్క చచ్చుబడింది. మాట పోయింది. మొదట్లో బాగానే తినేవాడు. ఈ అయిదు వారాల్లో మాత్రం ఏడు కిలోలు తగ్గిపోయాడు. చెంచా దగ్గరికి తెస్తే చాలు, నోరు బిగించేస్తాడు. బతిమాలితే ఎడమచేత్తో మంచం పట్టె మీద టంగుమని ఒక దెబ్బ కొడతాడు. స్రవంతి రాగిజావ పోసింది, పప్పన్నం మెత్తగా పిసికింది, ఇడ్లీ పాలల్లో నానబెట్టింది. "తాతా, లాస్టు బస్సు తాతా, ఎక్కించుకో తాతా!" అని పాటలు పాడింది. టంగు! ఒకటే దెబ్బ.

ఉద్యోగానికి వెళ్లొచ్చే కోడలు సుజనకు ఇదంతా తెలియదు. మామ జబ్బలు ఎండిపోవడం కనిపిస్తోంది, స్రవంతి పారబోసి కడిగిపెట్టిన ఖాళీ గిన్నె కనిపిస్తోంది. ఈ పిల్ల తాను తిని ఆయన్ని పస్తు పెడుతోందని ఆమె అనుకోవడంలో తప్పేముంది? ఫిర్యాదు చేసింది. అన్నం పెట్టలేదన్న మాట రుజువైతే స్రవంతి ఉద్యోగం పోతుంది. అంతటితో ఆగదు. మంచంలో ఉన్న మనిషిని మాడ్చిందన్న పేరు పడితే ఇక ఏ ఇంటివాళ్లూ గడప తొక్కనివ్వరు.

దయానంద్ సారు వచ్చాడు. ముందు టేపు తీసి మంచానికీ మరుగుదొడ్డికీ మధ్య దూరం కొలిచాడు. "అయిదడుగులు! దావలో అడ్డం లేదు, తలుపు తెరిచిపెట్టినారు. బలే! ఇది పద్నాలుగో రూలు. రోగిని ఎత్తుకుపోయేటప్పుడు పడిపోకుండా నేనే రాసినా. ఎప్పుడు మార్చినారు మంచాన్ని?"

"మీ కాగితం వచ్చిన దినమే సార్. ముందు హాల్లో కిటికీ కింద ఉన్నింది. అయిదు వారాలయింది" అంది సుజన.

ఆయన మురిసిపోయి పెద్ద టిక్కు పెట్టాడు. తర్వాత మునిరామయ్యను కుర్చీలోకి దింపించి, దుప్పటి పరిచి, గుండీ విప్పి పడుకున్నాడు. "మాట లేదు. అన్నం టైమయింది. కానీమ్మా!"

స్రవంతి చేతులు కడుక్కుని, ఆయన తల కింద దిండు ఎత్తు చేసింది. రాగిజావ ఒక చుక్క తన మణికట్టు మీద వేసుకుని వేడి చూసింది. చెంచా ఆయన పెదవుల దగ్గరికి తీసుకెళ్లింది. పలమనేరులో పదకొండు తొనలు మింగిన ఆ నోరు తెరుచుకుంది. ఆయన చూపు ఎదురుగా నిలిచింది. నోరు మళ్లీ మూసుకుంది.

"ఒక్క చెంచా సార్."

తల అడ్డంగా తిప్పాడు.

"లాస్టు బస్సు సార్..." అలవాటులో నోరు జారింది. ఆయన పెదవులు ఇంకా బిగించాడు.

"సూడండి! ఈమె చేత్తో పెడితే సారు గూడా తినలా!" అంది సుజన.

స్రవంతి చెంచా గిన్నెలో పెట్టేసింది. తన పని అయిపోయిందనుకుంది. ఊరికి వెళ్లి అమ్మకు ఏం చెప్పాలా అన్న ఆలోచన కూడా వచ్చేసింది.

అప్పుడు జరిగింది ఆ సంస్థ చరిత్రలో ఎన్నడూ జరగని వింత. మాట లేని దయానంద్ సారు తనిఖీ మధ్యలో లేచి కూర్చుని మాట్లాడాడు.

"సుజనమ్మా, నువ్వు అన్నం యాడ తింటావు?"

"హాల్లో సార్."

ఆయన మంచం దిగాడు. "ఒకసారి ఈడ కూర్చోమ్మా. దిండు మీద తల పెట్టి ఎదురుగా సూడు. ఏం కనబడతాండాది?"

సుజన మొహమాటంగా కూర్చుని, తల వాల్చి చూసింది. తెరిచిన తలుపు. లోపల మరుగుదొడ్డి, పక్కన తడి చీపురు, బకెట్టు. తలుపు పక్కనే మామను దొడ్డికి కూర్చోబెట్టే కుర్చీ. ఆమె అదే గదిలో అయిదు వారాలుగా తిరుగుతోంది. ఎప్పుడూ మంచం వైపు చూసిందే గానీ, మంచంలోంచి చూడలేదు. స్రవంతి కూడా అంతే.

"దీన్ని సూస్తా మూడు పూటలా తినమంటే నేనే తినలేకపోయినా. ఆకలితో వచ్చినా తల్లీ, ఒట్టు! ఆయన ఎట్ల తింటాడు? పిల్లది పెట్టకుండా కాదు, ఆయనకు ఆకలి లేక కాదు. దీనికి కారణం పద్నాలుగో రూలు. దాన్ని రాసిన తెలివైనోణ్ణి నేను!"

టంగు టంగు!

అందరూ తిరిగి చూశారు. మునిరామయ్య ఎడమచేత్తో కుర్చీ పిడి మీద కొడుతున్నాడు. వరసగా రెండు దెబ్బలు. కళ్లు మెరుస్తున్నాయి.

సుజన నోటి మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో మామా! ఒకటి కొడితే స్టాపు, రెండు కొడితే రైట్! బస్సులో ముప్పై ఏండ్లు ఇట్నే కొట్టినాడు సార్. నాకు తట్టలేదే!" అని, స్రవంతి వైపు తిరిగి ఆమె చెయ్యి పట్టుకుంది. "నిన్ను ఎన్ని మాటలన్నానో మే! మనసులో పెట్టుకోవద్దు."

ఆ మధ్యాహ్నమే మంచం హాల్లోకి, కిటికీ కిందికి వెళ్లింది. వీధిలో ఆటోలు, ఇడ్లీ బండి, ఎదురింటి మేక కనిపించాయి. మునిరామయ్య గిన్నెడు జావా తాగి, ఇంకా కావాలని రెండు దెబ్బలు కొట్టాడు. పద్నాలుగో రూలును దయానంద్ సారు అక్కడికక్కడే అడ్డంగా కొట్టేసి, పక్కన "మనిషి తినేచోట కాదు" అని రాశాడు.

వారం తర్వాత కోమలి స్రవంతిని ఆఫీసుకు పిలిచి ఒక కాగితం చేతికిచ్చింది. నలభయ్యో గడి పేరు "రోగి మాట". మాట రాని రోగుల విషయంలో అందరూ అక్కడ ఒక అడ్డగీత గీసి వదిలేస్తారు. దయానంద్ సారు మాత్రం నిండుగా రాశాడు.

"నాకు ఆకలి ఉన్నది. దొడ్డి చూస్తూ తినలేకపోయినాను. ఈ పిల్ల జావ వేడి తన చేతి మీద చూసుకుని నాకు పెడుతుంది. విసుక్కోదు. పాట బాగా పాడదు గానీ పాడుతుంది. ఈమెను నా దగ్గరనుంచి తీసేస్తే నేను ఒప్పుకోను. ఇది నాకు చదివి వినిపించినారు. రెండు దెబ్బలు కొట్టినాను. - మునిరామయ్య."

"పాత ఫైళ్లన్నీ తీసి సూసినా స్రవంతీ. మాట లేనోళ్లందరిదీ ఈయన ఇట్నే రాసినాడు. పండుకొని లేచిన ప్రతిసారీ! ట్యూబులైటు కండ్లల్లో పడతాండాదని ఒకరు, దేవుడి పటం తల ఎనక పెట్టినారని ఇంకొకరు. నేను ఎప్పుడూ చివరి గడి చదివినదాన్ని కాదు" అంది కోమలి.

స్రవంతి కాగితాన్ని కళ్లకద్దుకుంది. తన ఉద్యోగాన్ని కాపాడిన మాటలవి. ఆ రోజు ఆమెకు దయానంద్ సారు మీద కలిగిన కృతజ్ఞత ఇంతా అంతా కాదు. వరండాలో ఆయన కనిపిస్తే కాళ్లకు దండం పెట్టబోయింది.

"ఎందుకు సార్ మీరు అట్ల పండుకుంటారు? నిజం చెప్పండి."

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నడుం నొప్పమ్మా. దినానికి మూడిండ్లు తిరగతా. ఎవరికీ చెప్పొద్దు."

మూడు నెలలకు మళ్లీ తనిఖీ వచ్చింది. మునిరామయ్య పోయిన ఏడు కిలోలకు ఎనిమిది తెచ్చుకున్నాడు. దయానంద్ సారు సంచిలోంచి దుప్పటి తీయగానే స్రవంతి కుర్చీ తోసుకొచ్చింది. ముసలాయన కుర్చీ వైపు చూడనైనా లేదు. ఎడమచేత్తో పట్టె గట్టిగా పట్టుకున్నాడు. ఒగర్చుకుంటూ, జానెడు జానెడు చొప్పున, ఎవరి సాయం లేకుండా గోడవైపుకు జరిగాడు. పక్కన సగం మంచం ఖాళీ అయింది. పక్షవాతం వచ్చాక ఆయన తనంతట తాను పక్కకు జరగడం అదే మొదలు.

టంగు టంగు!

"నాయనా, ఈ సీటులో నేను పట్టను!" అని దయానంద్ సారు మొట్టమొదటిసారి బెదిరాడు. అయినా పడుకున్నాడు. మంచం కీచుమంది. స్రవంతి నవ్వాపుకుంటూ ఇటొక చెంచా, అటొక చెంచా జావ పెట్టింది. ఇద్దరూ కిటికీలోంచి మేకను చూస్తూ తాగారు.

ఆ రోజు చివరి గడి సారు రాయలేదు. పెన్ను తీసి మునిరామయ్య ఎడమచేతిలో పెట్టాడు.

సాయంత్రం కోమలి ఆ కాగితం పట్టుకుని ఫోన్ చేసింది. "ఏంది స్రవంతీ ఇది? రోగి మాట అనేకాడ వంకర టింకరగా రెండు గీతలుండాయే?"

"రైట్ రైట్ అంటాండాడు మేడం. బండి పోనియ్యమని" అంది స్రవంతి.