చెప్పకుండా ఇచ్చిన మందు

పోయిన వారం మా మనవరాలికి జలుబు చేసి దగ్గు పట్టుకుంది. పిల్లల డాక్టరు దగ్గు మందేమీ రాయలేదు. ఇంత చిన్నపిల్లకు ఆ మందులు మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తాయని చెప్పి, ముక్కులో వేయడానికి ఉప్పునీటి చుక్కలు, జ్వరం వస్తే పట్టమని ఒక సీసా, దానితో పాటు గీతలున్న చిన్న ప్లాస్టిక్ గొట్టం ఇచ్చి పంపాడు. మా కోడలు ఇంటికి రాగానే ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించి ఏ మందు, ఎంత, ఏ గంటకు, ఎవరిచ్చారు అని నాలుగు గళ్ళు గీసి, పక్కనే దారంతో పెన్ను వేలాడదీసింది. అది చాలదన్నట్టు పూటకోసారి నా దగ్గరికొచ్చి, అత్తమ్మా మీరేమన్నా ఇచ్చిన్రా అని అడుగుతుంది. ముగ్గురిని కని పెంచిన దాన్ని పట్టుకుని ఆరాలు తీస్తుందేమిటని పక్క వాటాలో ఉండే నా ఈడు ఆవిడ నా తరఫున కోపం కూడా తెచ్చుకుంది. నాకు మాత్రం ఆ కాగితం చూస్తే ఎక్కడలేని నిశ్చింత. ఎందుకంటే, వరంగల్లులో మేము కాశిబుగ్గలో అద్దెకున్న రోజుల్లో, డెబ్బైల నాటి ఒక మధ్యాహ్నం, మా ఇంట్లో అలాంటి కాగితం లేకపోయింది.

మా బాపు బస్సు కండక్టరు. నర్సంపేట రూటులో తెల్లవారుజామున పోతే చీకటి పడ్డాకే మళ్ళీ కనబడేవాడు. పగలంతా ఇంట్లో ఆడవాళ్ళమే: నాయనమ్మ, అమ్మ, టీచరు ట్రైనింగు చేస్తున్న బాపు చెల్లెలు (ఆమెను చిన్నత్త అనేదాన్ని), పదకొండేళ్ళ నేను, నాలుగేళ్ళ మా చెల్లె. నాయనమ్మది వర్ధన్నపేట పక్క పల్లె. ఆమె చేతి పసరుకు పేరుండేది. ఆదివారం పొద్దున్నే ఎక్కడో ధర్మసాగర్ నుంచి కూడా పసిరికలైన వాళ్ళు, అంటే కామెర్లు పట్టిన వాళ్ళు, వచ్చి మా అరుగు మీద పసుపుపచ్చని కళ్ళతో వరుసగా కూర్చునేవారు. నాయనమ్మ ఎవరితోనూ పలకకుండా పోయి ఆకు తెంపుకొచ్చి, పలకకుండా నూరి, పలకకుండా వాళ్ళ నోట్లో పిండేది. వాళ్ళు కూడా నోరు విప్పకుండా, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోవాలి. మందు పేరు బయటపెడితే దాని గుణం పోతుందని, పోయిన గుణం రోగమై రెట్టింపు బలంతో తిరిగొస్తుందని ఆమె నమ్మకం. మీ ఇళ్ళలోనూ ఇలాంటి పెద్దామె ఒకరు ఉండే ఉంటారు.

"ఇచ్చిన చెయ్యికెరుక, మింగిన నోటికెరుక, ఇంకో చెవుకు ఎరుక గావద్దు" అనేది నాయనమ్మ. వినీవినీ అది మా ఒంట్లో ఇంకిపోయింది. అందుకే ఇంట్లోకి ఇంగ్లీషు మందు వచ్చినప్పుడు కూడా, పసరుకు పుట్టిన ఆ నియమాన్ని దానికీ అంటగట్టాం. ఎవరిచ్చినా గప్‌చుప్‌గా ఇవ్వడం, నయమయ్యేదాకా ఆ ఊసెత్తకపోవడం. ఆ నియమాన్ని వెక్కిరించే మా చిన్నత్త కూడా ఇచ్చేటప్పుడు మాత్రం పెదవి విప్పేది కాదు.

చలికాలం మొదలైన రోజుల్లో చెల్లెకు దగ్గు పట్టుకుంది. రాత్రంతా ఖళ్ళు ఖళ్ళుమని దగ్గి అందరికీ జాగారం చేయించింది. బాపు డ్యూటీ దిగి వస్తూ బస్టాండు దగ్గరి మందుల షాపులో ఒక సీసా కొనుక్కొచ్చాడు. దగ్గుకు మంచి మందియ్యమని అడిగాడు. ఎవరికో ఆయన చెప్పలేదు, షాపతను అడగలేదు. చిక్కని గోధుమరంగు సీసా, అందులో ఎంత ఉందో, ఎంత తగ్గిందో బయటికి కనబడేది కాదు. చిన్నత్త సీసా పైన పెద్దక్షరాల్లో ఉన్న పేరు చదివి, దగ్గుమందే అని నిర్ధారించి వంటింటి గూట్లో పెట్టింది. కింద సన్న అక్షరాల్లో ఇంకేదో ఉంది కాని, సన్న అక్షరాలు చదివే అలవాటు ఆ రోజుల్లో ఎవరికుంది చెప్పండి?

మర్నాడు పొద్దున అమ్మ పప్పు వడ్డించే పెద్ద చెంచాతో ఒక చెంచా పట్టి బియ్యం ఏరుకునే పనిలో పడింది. కాసేపటికి నాయనమ్మ, కోడలు పనిలో పడి మరిచిపోయి ఉంటుందని ఉగ్గుగిన్నెడు పట్టింది. ట్రైనింగు కాలేజీకి పోబోతూ చిన్నత్త, పాపం పిల్లకు ముక్కు కారుతోందని తన పుస్తకాల సంచిలో ఉన్న జలుబు గోళి సగం విరిచి, చక్కెరలో నలిపి నాకించింది. సీసాలో ఉన్నదీ ఆ గోళిలో ఉన్నదీ ఒకే రకం మందని ఆమెకు తెలియదు. నాకూ జలుబని ఆ రోజు బడికి పంపలేదు. అమ్మ నల్లా దగ్గర బట్టలు ఉతుకుతుంటే, ఆ తియ్యటి మందు కావాలని చెల్లె నా వెంట పడింది. పెద్దవాళ్ళు చేసే పని నేనూ చేయగలనన్న గర్వంతో గూట్లో నుంచి సీసా దించి, మూతతో ఒకసారి, అడిగిందని ఇంకోసారి పోశాను. మూత అంచు నేనూ నాకాను. ఎవరికీ చెప్పలేదు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి వీధి నిశ్శబ్దమైంది. చెల్లె దగ్గడం మానేసింది. పడుకుని ఉంది కాని నిద్రపోవడం లేదు. బుగ్గలు ఎర్రగా కందిపోయాయి, పెదవులు ఎండిపోయాయి, కళ్ళలో నల్లగుడ్డు పెద్దదై చుట్టూ ఉండే గోధుమరంగు లేకుండా పోయింది. దగ్గరికి పోయి చూస్తే గౌను మీద నుంచి ఏదో ఏరుతోంది. రెండు వేళ్ళతో, ఎంతో ఓపికగా, కనబడని పోగులను ఒకటొకటే లాగి నా అరచేతిలో పెట్టింది. పెట్టి, నా వేళ్ళు ముడిచి, పారేయకు అన్నట్టు నా ముఖంలోకి చూసింది. నా చేతిలో ఏమీ లేదు. అయినా ఆ పిడికిలి విప్పడానికి నాకు భయమేసింది.

కాసేపటికి చెల్లె వాకిలి వైపు చూసి నవ్వింది. "జరుగక్కా, అన్నకు తొవ్వియ్యి" అంది.

నేను జరిగాను. ఎందుకు జరిగానో ఇప్పటికీ చెప్పలేను. వాకిట్లో ఎండ తప్ప ఎవరూ లేరు. చెల్లె చూపు మాత్రం గడప దాటి లోపలికి వచ్చిన ఎవరినో అనుసరిస్తూ మెల్లగా గది అంతా తిరిగి, విసుర్రాయి దగ్గర ఆగిపోయింది. అప్పుడే పెరట్లో నుంచి వచ్చిన నాయనమ్మ ఆ మాట విని, చేతిలోని చాట కింద పడేసింది. ఎంతున్నడు బిడ్డా అని గొంతు తగ్గించి అడిగింది. చెల్లె లేచి కూర్చుని చెయ్యెత్తి గాలిలో ఒక చోట ఆపి, ఇంతున్నడు అని చూపించింది. అది సరిగ్గా చెల్లె ఎత్తు. నాయనమ్మ చెల్లెకూ విసుర్రాయికీ మధ్య అడ్డంగా కూర్చుంది.

"వాడే వచ్చిండు. దీన్ని గూడ తీస్కపోతాండు" అంది, తడిచేతులతో పరుగెత్తుకొచ్చిన అమ్మతో.

నాకంటే ముందు పుట్టి, నాలుగేళ్ళకే పోయిన అన్న ఒకడున్నాడని నాకు ఆ నిమిషం దాకా తెలియదు. ఊళ్ళో ఉండగా మధ్యాహ్నం వేళ గాలి సోకి, ఇలాగే పోగులు ఏరుకుంటూ పోయాడట. ఆ పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. మరి చెల్లెకు ఎలా తెలుసు? పెద్దవాళ్ళ గుసగుసలు ఎప్పుడో విని ఉంటుందని తరువాత అందరం సర్దిచెప్పుకున్నాం. సర్దిచెప్పుకున్నామంతే.

ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచారు, పక్కింటామె ఊదు తెచ్చి పొగ వేసింది. నాయనమ్మ విసుర్రాయి ముందు కూర్చుని, కనబడని వాడిని బతిమాలసాగింది. మంచి మాటలు చెప్పింది, బెల్లం పెడతానంది, పోయి ఆడుకొమ్మంది. ఆమె అంత మెత్తగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. తిట్టినా అంత భయపడేదాన్ని కాదు. ఈలోగా చెల్లె చేతులు ఆగిపోయాయి. కళ్ళు సగం మూతపడ్డాయి. ఊపిరికీ ఊపిరికీ మధ్య నేను అంకెలు లెక్కపెట్టుకోసాగాను. మొదట మూడు దాకా, తరువాత ఐదు దాకా. ఆరు అనుకున్నప్పుడు చెల్లె ఛాతీ మీద చెయ్యి పెట్టి చూశాను.

నాలుగింటికి చిన్నత్త వచ్చింది. ఊదు పొగలో నుంచి నేరుగా పిల్ల దగ్గరికి పోయి, చెంప తట్టి, రెప్ప ఎత్తి చూసింది. "గాలి లేదు గీలి లేదు, నడువుండ్రి దవాఖానకు" అని చెల్లెను భుజాన వేసుకుని రిక్షా ఎక్కింది. వెనక ఇంకో రిక్షాలో మేము ముగ్గురం.

పెద్ద దవాఖానలో ఒక డాక్టరమ్మ చెల్లె కళ్ళల్లో టార్చి వేసి చూసి, నర్సులతో ఏదేదో గబగబా చెప్పి మా వైపు తిరిగింది. ఏ మందు ఇచ్చారు, ఎవరిచ్చారు, ఎంత ఇచ్చారు అని అడిగింది. నలుగురమూ నేల చూపులు చూశాం. ఎవరికి వాళ్ళు తామొక్కరే ఇచ్చామనుకుంటున్నారు, ఆ ఒక్క చెంచాతో ఏమవుతుందిలే అనుకుంటున్నారు. పైగా చెప్తే గుణం పోతుంది, రోగం తిరిగొస్తుంది. చదువుకున్న చిన్నత్త పెదవులు కూడా కదిలి ఆగిపోయాయి.

"మీరు చెప్పకుంటే నేను ఏది విరుగుడని చెయ్యాలె?" అంది డాక్టరమ్మ.

చెప్తే చెల్లె చచ్చిపోతుంది, చెప్పకపోతే చచ్చిపోతుంది. పదకొండేళ్ళ బుర్రకు తోచింది అంతే. నా ఒంట్లోంచి ఎవరో వేరే పిల్ల మాట్లాడినట్టు నా గొంతు నాకే వినబడింది: "నేను రెండు మూతలు పోసిన. జర నేను గూడ నాకిన." ఆ తరువాత అమ్మ, ఒక చెంచా అంది. చిన్నత్త, సగం గోళి అంది. అందరికన్నా చివర నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉగ్గుగిన్నెడు అంది. రాసుకుంటున్న డాక్టరమ్మ చెయ్యి ఒక్కొక్క మాటకూ ఆగుతూ వచ్చింది. చిన్నత్తను ఇంటికి పంపి సీసా తెప్పించారు. ఆ సన్న అక్షరాలను చిన్నత్త వరండాలో నిలబడి మొదటిసారి చదివింది: పెద్దలకు మాత్రమే, నిద్ర వస్తుంది, పిల్లలకు అందకుండా ఉంచాలి. చదివి, గోడకు తల ఆనించి ఏడ్చింది.

కడుపు కడిగారు, సెలైన్ పెట్టారు. బాపు వచ్చి చెల్లె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. మర్నాడు పొద్దెక్కాక చెల్లె కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. అన్న సంగతి అడిగితే తెల్లముఖం వేసింది. నా జన్మలో అంత సంతోషం మళ్ళీ ఎరగను, పెళ్ళినాడు కూడా కాదు.

మూడోనాడు పంపించేటప్పుడు డాక్టరమ్మ మమ్మల్ని వరసగా నిలబెట్టి చెప్పింది. ఇంట్లో మందు ఒక్కరే ఇవ్వాలి, ఇచ్చింది అందరికీ చెప్పాలి. వంటింటి చెంచాలు కొలతకు పనికిరావు. పెద్దల మందు పిల్లలకు వద్దు. రెండు మందులు కలిపే ముందు డాక్టరును అడగాలి. ఈ రకం మందు మోతాదు మించితే లేనివాళ్ళు కనబడతారు, పోగులు ఏరుతారు, అది గాలీ దయ్యమూ కాదు అని కూడా చెప్పింది. అందరం తలలూపాం. ఆమె చీటీ రాయడానికి వంగింది.

"ఉమ్మెత్తాకు పసరు ఎక్కువైతె గూడ గిట్లనే పోగులేరుతరా, డాక్టరమ్మా?" అని అడిగింది నాయనమ్మ.

"అండ్ల ఇంకా ఎక్కువ, అవ్వా. దగ్గు, ఆయాసం అని పిల్లలకు పోస్తరు, పానాలు పోతయ్" అంది ఆమె తలెత్తకుండానే. అన్నాక కలం ఆగింది. తలెత్తి నాయనమ్మ ముఖం చూసింది. కాని మాట అప్పటికే బయటపడింది.

అన్నకు కూడా ఆ ఏడు దగ్గూ ఆయాసమే. ఆ పసరు పోసింది నాయనమ్మే. నాకు ఇది చాలా ఏళ్ళ తరువాత అమ్మ చెప్పింది. ఆ రోజు మాత్రం రిక్షా ఎక్కాక అమ్మ, చంకలో ఉన్న చెల్లెను తీసి నాయనమ్మ ఒడిలో కూర్చోబెట్టింది. నాయనమ్మ పిల్లను పట్టుకోవడానికి చేతులెత్తలేదు. అమ్మే ఆ రెండు చేతులూ తీసి చెల్లె చుట్టూ వేసి, ఇల్లు చేరేదాకా పైన తన చెయ్యి వేసి పట్టుకుంది. మా అమ్మ ఎంత గొప్ప మనిషో నాకు తెలిసిన సంగతుల్లో అది మొదటిది.

ఆ తరువాతి ఆదివారం అరుగు మీద కూర్చున్న వాళ్ళందరినీ నాయనమ్మ దవాఖానకు పొమ్మంది. మందు మరిచిపోయానని చెప్పింది. ఇంకా చాలా ఏళ్ళు బతికింది కాని ఆకు ముట్టలేదు. ఎవరికి తుమ్ము వచ్చినా, ఏమిచ్చారు, ఎంతిచ్చారు అని ఇల్లంతా వినబడేలా అడిగేది.

ఇప్పుడు గాలి సోకడమంటే పిల్లలు నవ్వుతారు. ప్రతి మందు పెట్టె మీద అన్నీ రాసి ఉంటున్నాయి, కనబడకపోతే ఫోనులో పెద్దవి చేసుకుని చదువుకుంటున్నాం. అది మంచిదే, అందులో నాకు అనుమానం లేదు. మా చెల్లె ఈనాడు రిటైరై మనవలతో ఆడుకుంటున్నదంటే ఆ దవాఖానలో నలుగురమూ నోరు విప్పడం వల్లనే. కాని నాయనమ్మ సంగతి వేరు. గాలి ఎత్తుకుపోయినన్నాళ్ళూ ఆమె మనవడు ఎక్కడో ఉన్నాడు. తిట్టుకోవడానికి ఆమెకు గాలి ఉంది, ఎదురుచూడటానికి మధ్యాహ్నాలు ఉన్నాయి. నోరు విప్పినందుకు మాకు చెల్లె దక్కింది, డాక్టరమ్మ తలెత్తకుండా చెప్పిన ఆ ఒక్క మాటతో నాయనమ్మకు మాత్రం ఎప్పుడో పోయిన పిల్లవాడు ఆ రోజు చచ్చిపోయాడు.