పసుపు గీత టోపీలు

మా లైబ్రరీ గేటు పక్కన ఒక బోర్డుంది. "అన్ని వయసుల వారికీ ఆహ్వానం" అని పెద్ద అక్షరాలతో రాశారు. రోజూ దాన్ని తుడిచేది నేనే. పొద్దున పాకే పిల్లలకీ వాళ్ల తల్లులకీ బొమ్మల కథలు. వాళ్లు వెళ్లాక చాప మీద తడి తుడిచి, కుర్చీలు గుండ్రంగా వేస్తే వారానికోసారి అల్లికల ఆడవాళ్లు. వాళ్లు లేస్తే చదరంగం ముసలాళ్లు, సాయంత్రం పరీక్షల పిల్లలు. ఇన్ని వయసులకీ హాలొక్కటే, అటెండర్నీ నేనొక్కదాన్నే. నడుం పడిపోతోందంటే లైబ్రేరియన్ గారు నవ్వుతారు. సరే, నా గోల ఎప్పుడూ ఉండేదే. రమ్మని పిలిచారు గానీ, వచ్చినవాళ్లని ఏం చేస్తారో ఆ బోర్డు మీద రాయలేదు. అది నేను చెప్తాను.

లాండ్రీ పెద్దమ్మ సంగతి ఇది. పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేసి రిటైరైంది. వయసంతా వేడినీళ్లలో, సోడాలో, ఆవిరిలో గడిచిపోయింది. వేళ్లు అల్లం కొమ్ముల్లా వంకర్లు తిరిగాయి. మొగుడు తొందరగా పోయాడు. ఉన్న ఒక్క కూతుర్నీ ఆ చేతులతోనే పెంచింది. కూతురు బట్టల షాపులో బిల్లులు కొడుతుంది, మనిషి చురుకు, నోరు కూడా చురుకే. తల్లంటే ప్రేమ లేదని కాదు. కాకపోతే తల్లి ఏం చేసినా చాదస్తమే ఆ పిల్లకి.

ఆ లాండ్రీలో ఒక పద్ధతుండేదట. ఏ వార్డు బట్టలు ఆ వార్డుకే పోవాలి కాబట్టి అంచున ఒక రంగు దారం కుట్టేవాళ్లు. ఆపరేషన్ వాళ్లకి ఎరుపు, జ్వరాల వాళ్లకి నీలం. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డుకి పసుపు. పెద్దమ్మది పసుపు బండి. కానీ ఆ వార్డులోకి లాండ్రీ వాళ్లని అడుగు పెట్టనివ్వరు. తలుపు దాకా బండి తోసుకెళ్లి అక్కడ అప్పజెప్పాలి. తలుపుకున్న చిన్న అద్దంలోంచి లోపలి పిల్లలు కనబడేవాళ్లట, గుప్పెడంత తలలు, వాటి మీద ఊలు టోపీలు.

"ఒక్కసారైనా లోపలికి పోలేదే," అనేది నాతో టీ తాగుతూ. "నన్ను రానివ్వకపోతే మానె, నా టోపీనైనా రానిస్తారుగా."

మా అల్లికల బృందం టోపీలు ఆ వార్డుకే పోతాయని ఎవరో ఆవిడ చెవిన వేశారు. అంతే, సూదులు పట్టుకుని వచ్చేసింది. ఆవిడకి కావలసింది ఆ ఒక్కటే. తను అల్లిన టోపీ ఒక పసిగుడ్డు తల మీద ఉండాలి. ఆ సంగతి ఎలా తెలుస్తుందంటే, ప్రతి టోపీకీ అంచున ఒక వరస పసుపు ఊలుతో అల్లేది. ఆ పసుపు ఊలు ఇంటి నుంచి తనే తెచ్చుకునేది.

బృందాన్ని నడిపేది రిటైరైన హెడ్మిస్ట్రెస్ గారు. స్కూలు ఆవిణ్ణి వదిలింది గానీ ఆవిడ స్కూల్ని వదల్లేదు. మొదట్లో పెద్దమ్మకి నేర్పబోయింది. "కుట్టు జారిపోయింది. మళ్లీ జారింది. చూపు ఎక్కడ పెట్టుకున్నారు?" అంటూ సూదితో వేళ్ల కణుపుల మీద టకటకా కొట్టేది. అసలే నొప్పులతో ఉన్న వేళ్లు! పెద్దమ్మ నోట్లో నాలుక లేని మనిషి, "అలాగేనమ్మా" అని మళ్లీ మొదలుపెట్టేది. కుట్లు వదులుగా, చిల్లులు చిల్లులుగా వచ్చేవి. చిల్లుల్లో పసిపిల్లల వేళ్లు ఇరుక్కుంటాయని ఆసుపత్రి వాళ్లు అలాంటివి తీసుకోరు. అది నిజమే, కాదనను.

కానీ ఆ మాట పెద్దమ్మతో చెప్పాలా వద్దా? చెప్పలేదు. ఒక రోజు నుంచి హెడ్మిస్ట్రెస్ గారు ఉన్నట్టుండి మెత్తబడిపోయింది. "బాగుందండీ. బుట్టలో వెయ్యండి," అంది. పెద్దమ్మ ముఖం చూడాలి ఆ రోజు. అబ్బ, ఎంత పొంగిపోయిందో!

పెద్దమ్మది దూరం బస్సు, అందరికంటే ముందు లేచేది. ఆవిడ గేటు దాటిందో లేదో, బృందంలోనే ఉన్న బ్యాంకు మేనేజరు గారి భార్య బుట్టలోంచి ఆ టోపీ తీసి, కొస పట్టుకుని లాగింది. సర్రుమని ఊడిపోయింది. ఊలు పారెయ్యలేరు కదా, దాన్ని ఉండ చుట్టి, మళ్లీ వారం పెద్దమ్మ చేతికే ఇచ్చారు, కొత్త ఊలని చెప్పి. పసుపు ముక్క మాత్రం చెత్తబుట్టలోకి. ఇక ప్రతి వారం అదే తంతు. పోనుపోను అదే వాళ్లకి పెద్ద వేడుకైపోయింది. ఈ వారం నా వంతంటే నా వంతని లాక్కునేవాళ్లు. ఎవరు ఎంత వేగంగా విప్పుతారా అని పందెం. పసుపు వరస రాగానే "వచ్చేసింది, వచ్చేసింది!" అని చప్పట్లు, కడుపుబ్బ నవ్వులు. చదువుకున్న ఆడవాళ్లండీ వీళ్లు! పొద్దున అదే చాప మీద కూర్చున్న పాకే పిల్లలు నయం.

విప్పిన ఊలు ఉంగరాలు తిరిగి ఉంటుంది. ఆవిరి పడితే గానీ సాపు కాదు. "నీ టీ కెటిల్ మీద కాస్త పట్టవే," అంది హెడ్మిస్ట్రెస్ గారు నాతో. నాకు ఒళ్లు మండింది.

"ఇదేం పాపమండీ? అల్లడం రాలేదని ఆవిడ ముఖం మీదే చెప్పెయ్యొచ్చుగా!" అన్నాను.

"చెప్తే ఆ వయసులో తట్టుకుంటుందా? ఆవిడ సంతోషం కోసమే ఇదంతా. నీకు తెలియదులే," అంది ఆవిడ.

నేను ఊరుకోలేదు, లైబ్రేరియన్ గారి దగ్గరికి పోయాను. ఆయన కళ్లజోడు పైకి నెట్టుకుని, "ఎవరికీ నష్టం లేదు కదా, నీ పని నువ్వు చూసుకో," అన్నాడు. ఆ వారం నుంచి ఆవిరి పట్టడం కూడా నా పనిలో చేరింది.

ఇలా ఉండగా పెద్దమ్మ కూతురు కడుపుతో ఉంది. ఆ కబురు చెప్పడానికి పెద్దమ్మ నాకోసం పుస్తకాల అరల మధ్య వెతుక్కుంటూ వచ్చింది. నెలలు ఇంకా చాలా ఉండగానే ఆ పిల్లకి నొప్పులొచ్చాయి. ఆడపిల్ల పుట్టింది, పిట్టంత. తీసుకెళ్లి ఆ పసుపు దారం వార్డులోనే పెట్టారు.

తల్లిని లోపలికి పోనిస్తారు, అమ్మమ్మని పోనివ్వరు. పెద్దమ్మ మళ్లీ అదే తలుపు బయట, అదే అద్దం దగ్గర. కూతురు ఏడుస్తుంటే ధైర్యం చెప్పింది: "ఏం భయం లేదే. లోపల నా టోపీలు బోలెడున్నాయి. అంచున పసుపు గీత ఉంటుంది చూడు. అది తెచ్చి పెట్టమను, నా చెయ్యి దాని తల మీద ఉన్నట్టే."

ఆ పిల్ల వెతికింది. వార్డంతా చూసింది, టోపీల బుట్ట కింద దాకా తిరగేసింది. నర్సునడిగితే, "పసుపు గీతదా? నేనొచ్చినప్పటి నుంచి అలాంటిది ఒక్కటీ చూళ్లేదే," అంది.

బయటికొచ్చి తల్లి మీద విరుచుకుపడింది. ఆసుపత్రి వరండాలో, నలుగురి ముందు. "ఇన్నాళ్లూ నాతో అబద్ధాలు చెప్పావా? లైబ్రరీకి పోయి ఊసుపోక కబుర్లు చెప్పుకుని, టోపీలు అల్లానని కోతలు కోశావా? నా బిడ్డ అక్కడ ఊపిరి కోసం కొట్టుకుంటుంటే కూడా నీ గొప్పలేనా? పో ఇక్కణ్ణించి. నీ ముఖం నాకు చూపించకు."

మర్నాడు అల్లికల రోజు. పెద్దమ్మ వచ్చింది, కూర్చోలేదు. జరిగిందంతా అందరి ముందూ చెప్పింది. చెప్పి, హెడ్మిస్ట్రెస్ గారి ముందు చేతులు జోడించింది.

"ఒక్క మాట సాయం చెయ్యండమ్మా. నేను అల్లుతున్నానని మా అమ్మాయితో మీరు చెప్తే నమ్ముతుంది. లేకపోతే ఒక్క టోపీ ఇప్పించండి, నాది. తీసుకెళ్లి చూపిస్తాను."

బ్యాంకు మేనేజరు గారి భార్య తన అల్లిక కేసి వంగి కుట్లు లెక్కపెట్టుకుంటున్నట్టు నటించింది. హెడ్మిస్ట్రెస్ గారు మాత్రం తొణకలేదు. "అల్మారాలో మీది ఒకటి ఉండాలి. టీ తాగి రండి, తీసి ఉంచుతాను," అంది.

టీ గది తలుపు తీసే ఉంది. పెద్దమ్మ అటు వీపు పెట్టి కూర్చుంది గానీ నాకు అంతా కనబడుతూనే ఉంది. మేనేజరు గారి భార్య అల్లిన తెల్ల టోపీ ఒకటి తీసి, పెద్దమ్మ సంచీలోంచే పసుపు ఊలు లాగి, సూదికెక్కించి అంచు చుట్టూ తిప్పేసింది హెడ్మిస్ట్రెస్ గారు, ఆ మహాతల్లి. టీ చల్లారేలోపు పసుపు గీత టోపీ తయారు.

"ఇదిగో, మీదే," అని చేతిలో పెట్టింది.

పెద్దమ్మ ఒక్కత్తే ఆసుపత్రికి పోలేనంటే నేను వెంట వెళ్లాను. బస్టాపులో టోపీ తీసి వేళ్లతో తడిమింది. లోపలికి తిప్పి చూసింది. మళ్లీ తడిమింది.

"ఇది నాది కాదే," అంది. "నాకు ఇంత దగ్గరగా ఎప్పుడొచ్చింది? నావన్నీ ఏమైపోతున్నాయి? నువ్వక్కడే ఉంటావుగా, చెప్పు."

నేనసలే కడుపులో మాట దాచుకోలేని మనిషిని. ఇన్నాళ్లూ నోరు నొక్కిపెట్టుకున్నదే గొప్ప. చెప్పేశాను. విప్పేస్తారని, పందేలు వేసుకుంటారని, ఆవిరి నా చేతే పట్టిస్తారని, అన్నీ. అరుస్తుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను.

"అయితే ఒక్కటి కూడా పోలేదా?" అంది.

"లేదు పెద్దమ్మా."

"ఒక్కటి కూడా?"

నేను తల అడ్డంగా ఊపాను. "పద వెనక్కి, ఆ టోపీ ఆవిడ ముఖాన కొడదాం," అన్నాను. పెద్దమ్మ టోపీని జాగ్రత్తగా మడిచి సంచీలో పెట్టుకుంది. బస్సొస్తే ఎక్కింది.

వార్డు బయట బెంచీ మీద కూతురుంది, కళ్లు వాచిపోయి. తల్లిని చూసి ముఖం తిప్పుకుంది. పెద్దమ్మ టోపీ కూతురి ఒళ్లో పెట్టింది. ఆ పిల్ల పసుపు గీత చూసింది. సన్నటి, ముచ్చటైన కుట్లు చూసింది.

"నువ్వే అల్లావా?"

"నేనే," అంది పెద్దమ్మ.

ఆ పిల్ల తల్లి వేళ్లు రెండు చేతులతో పట్టుకుని బావురుమంది. "ఇంత బాగా అల్లుతావని నాకు తెలియలేదమ్మా. నిన్ను అబద్ధాలకోరువన్నాను, ఆ నోరు పడిపోనూ," అని ఆ వంకర వేళ్లని ముద్దులు పెట్టుకుంది. నిజం చెప్పినప్పుడు నమ్మలేదు మరి. నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. కాసేపటికి అద్దంలోంచి చూస్తే, బిడ్డ తల మీద ఆ టోపీ. "ఇలాంటిదే ఇంకోటి అల్లమ్మా, దీన్ని ఇంటికి తీసుకెళ్లేనాటికి," అంది కూతురు.

మళ్లీ వారం పెద్దమ్మ వచ్చింది. వస్తుందనుకోలేదు నేను. ఎప్పటిలాగే ఊలు తీసుకుని కూర్చుంది, ఎప్పటిలాగే చిల్లుల టోపీ అల్లింది. బస్సు వేళయింది గానీ లేవలేదు. వీళ్లు ఒకళ్ల ముఖాలొకళ్లు చూసుకుంటున్నారు, ఎప్పుడు పోతుందా అని. అప్పుడు పెద్దమ్మ టోపీని ఒళ్లో పెట్టుకుని, కొస పట్టుకుని తనే లాగింది. వరసలన్నీ ఊడిపోయాయి. తీరుబడిగా ఉండ చుట్టి, హెడ్మిస్ట్రెస్ గారి ముందు పెట్టింది.

"మీకు శ్రమెందుకని," అంది. "మా అమ్మాయి ఇంకో టోపీ అడిగిందమ్మా. మొన్నటిది ఎవరల్లారో వాళ్ల చేతనే అల్లించి పెట్టండి. పసుపు గీత మరవకండి. నేను అల్లానని చెప్పుకుంటాను."

కాస్తయినా సిగ్గుపడుతుందనుకున్నాను. తల వంచుకుంటుందనుకున్నాను. హెడ్మిస్ట్రెస్ గారు ఆ ఉండని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అల్లిస్తాను, దానికేం. మీరు ఉండ మాత్రం చక్కగా చుట్టారు. ఇకనుంచి మా అందరికీ ఉండలు మీరే చుట్టిపెట్టండి. ఇంక మీకు సూదులెందుకు?" అని సూదులు తీసుకుని, కొత్తగా చేరిన ఒకావిడకి ఇచ్చేసింది. పెద్దమ్మ వాటిని వదులుకుంది. ఇవ్వకపోతే టోపీ రాదు కదా.

ఇప్పుడు ఆ మనవరాలు బొద్దుగా తయారైంది, పొద్దున కథలకి పాక్కుంటూ వస్తుంది. తల మీద పసుపు గీత టోపీ ఉంటుంది, పాతది బిగుతైతే ఇంకొకటి వస్తుంది. కథలయ్యాక కూతురు దాన్ని చంకనేసుకుని అల్లికల వాళ్ల దగ్గర నిలబడి, "చూశారా, అన్నీ మా అమ్మే అల్లింది," అని అందరికీ చూపిస్తుంది. హెడ్మిస్ట్రెస్ గారు చేతిలో అల్లిక ఆపి, "మీ అమ్మగారి చేతిలో పనితనముందమ్మా," అంటుంది. మిగతావాళ్లు నవ్వు రాకుండా పెదవులు బిగించుకుంటారు. పెద్దమ్మ ఒక మూల కుర్చీలో ఊలు చుట్టుకుంటూ, తల ఎత్తకుండా, "అవునమ్మా, నేనే," అంటుంది.