వదిన బుగ్గన కరక్కాయ ముక్క

మా వదిన పోయిన నెల చనిపోయింది. మేడ్చల్ సడక్ మీద మా ఇన్సూరెన్స్ ఆఫీసులో, కుర్చీలోనే. కొత్త ఏజెంటుకు ఫోన్లో ఏదో చెప్తూ చెప్తూ ఆగిపోయింది. పాణం బాగాలేదు, ఇంటిపట్టున ఉండమంటే ఒక్కనాడైనా విన్నదా? వినలేదు.

అన్న పోయాక ఆ ఆఫీసును ఆమే నడిపింది. షట్టర్ గది నాది, ఆఫీసులో సగం వాటా నాది. నేను అయిదో తరగతితో ఆపినవాణ్ణి. ఉత్త నోటి మాటతోనే పాలసీలు తెచ్చేవాణ్ణి. ఆ నోటి మీద నాకు గర్వమే, దాచుకోను.

మా గొడవంతా కొత్త ఏజెంట్ల గురించే. ఎక్కడైనా పాలసీ తెస్తేనే కమీషన్. మా వదిన మాత్రం వాళ్లకు ఏడాదిపాటు నెలజీతం ఇచ్చేది, బండికి పెట్రోలు పోయించేది. పని వంటబట్టగానే సగంమంది పెద్ద కంపెనీలకు పోయేవాళ్లు. నాకు ఒళ్లు మండేది.

"మనం నేర్పుడు, గాళ్లు ఎగిరిపోవుడు. గిది ఆఫీసా, బడా వదినా?"

"పోయినోళ్లే కనవడ్తరు నీకు. ఉన్నోళ్లు కనవడరా?"

అంతకన్నా పరేషాన్ చేసిన అలవాటు ఇంకొకటుంది. కొత్తవాళ్లు ఎవరింటికి పోయినా తానూ వెంట పోయి పక్కన కూర్చునేది. గడప దాటే ముందు బుగ్గన కరక్కాయ ముక్క పెట్టుకునేది. "నా నోరు మూతవడాల్నంటె గీ వగరే మందు" అనేది. వాళ్లు తడబడి, చేతికొచ్చిన పాలసీ జారిపోతుంటే, కరక్కాయ చప్పరిస్తూ చూసేది! బయటికి వచ్చాకే ఎక్కడ తప్పిందో చెప్పేది.

ఒకసారి ఆమెకు జ్వరమొస్తే శామీర్‌పేటకు కొత్త ఏజెంటు వెంట నేను పోయాను. అతను రెండు మాటలకే నీళ్లు నమిలాడు. నేను అందుకుని పావుగంటలో సంతకం పెట్టించాను. మీసం తిప్పుకుంటూ వచ్చి వదినకు చెప్పాను.

"పాలసీ తెచ్చినవ్, మనిషిని పోగొట్టినవ్ పో" అన్నది.

మర్నాటి నుంచి అతను రాలేదు. నెల రోజులు ఆమె నాతో మాట్లాడలేదు.

ఆమె పాడె మోసింది ఆమె నేర్పినవాళ్లే. పెద్ద కంపెనీలకు పోయినవాళ్లు కూడా వచ్చి భుజం పెట్టారు. నాకు ఇంకా కోపమొచ్చింది. నీ మాటే నిజమని ఇప్పుడు ఎవరికి చెప్పాలి వదినా?

ఆ రోజు ఫోన్లో ఉన్న కొత్త ఏజెంటు, తుర్కపల్లి మందుల కంపెనీలో ప్యాకింగ్ పని పోయిన ఇద్దరు పిల్లల తల్లి. జీతమిచ్చే ఏడాదిలో ఆమెకు ఇంకా నాలుగు నెలలున్నాయి. నేను వద్దంటే అడిగేవారు లేరు. దినాలైన మర్నాడు వచ్చి నిలబడింది.

"పెద్దసారూ, రావల్కోల్ల రైతు ఇయ్యాల రమ్మన్నడు. పోవాల్నా, ఇగ పనికే రావద్దా?"

సొరుగులో వదిన కరక్కాయ డబ్బీ ఉంది. జేబులో వేసుకున్నాను.

"పోదాం పా" అన్నాను.

ఆమె చెప్పేదంతా విని రైతు సూటిగా అడిగాడు. "దవాఖాన్ల వడ్తె పైసలిస్తరా, తిప్పుతరా?"

ఆమె కాగితాలు తిప్పింది. రైతు నా వైపు చూశాడు. ఆమె కూడా చూసింది. జవాబు నా నాలుక చివరే ఉంది. ముక్కను ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చాను. నోరంతా వగరు. పాడు వగరు, ఎట్లా ఓర్చుకున్నావు వదినా!

ఆమె కాగితాలు పక్కన పెట్టి, గొంతు సవరించుకుంది.