దొరల పొయ్యిలో షష్టిపూర్తి

2017 మార్చి 6, సోమవారం నాడు సింగపూర్ పడమటి వైపు ఒక గుట్ట మీదున్న పాత బంగళా స్థితిగతుల సర్వేకు మా సంస్థ నన్ను పంపింది. అప్పటికి నేను సీనియర్ బిల్డింగ్ సర్వేయర్‌ని. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. ఈ ఉద్యోగం గురించి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. ఇల్లు ఎలా ఉండాలో ఆర్కిటెక్టు గీస్తాడు, నిలబడుతుందో లేదో ఇంజనీరు లెక్కగడతాడు. ఇప్పుడు ఎలా ఉందో ఉన్నదున్నట్టు రాసేది సర్వేయర్. ఇంటిలోని ప్రతి భాగానికీ ఒక అంకె వేస్తాం. ఒకటి అంటే బాగుంది, రెండు అంటే మరమ్మతు చేసి వాడవచ్చు, మూడు అంటే వాడకూడదు. ఈ మూడు అంకెల కోసం మనుషులు ఎంతగా బతిమాలతారో బయటివాళ్లకు తెలియదు.

ఆ బంగళాను ఒక కంపెనీ అతిథి గృహంగా మార్చాలనుకుంటోంది. కంపెనీ తరఫున పనులు చూసే అధికారి పేరు టాన్. చురుకైన మనిషి, మాటలు తక్కువ, ఫోను ఎక్కువ. ఇంటిని పదకొండేళ్లుగా కనిపెట్టుకుని ఉన్న కేర్‌టేకర్ పేరు సింహాద్రి. వాళ్ల తాత భీమిలి వైపు నుంచి మలయా రబ్బరు తోటల్లోకి వచ్చాడు. సింహాద్రి పుట్టింది, పెరిగింది ఇక్కడే. యూ టీ అనే పేటలో ఫ్లాటు.

గేటు దగ్గర అతను నన్ను పలకరించిన తీరు ఇది.

“వణక్కం మేడమ్. మకాన్ ఐందా? తెలుగాయనే వస్తాదని టాన్ సార్ చెప్పినాడు, ఆడమనిషని చెప్పలే.”

తిన్నానని చెప్పి, నిచ్చెన ఎక్కడుందని అడిగాను.

ఇంటిని అందరూ ‘మేనర్’ అనేవారు. ఇంగ్లండులో మేనర్ అంటే ఊరి భూస్వామి ఇల్లు. కౌలు వసూళ్లు, తగవుల తీర్పులు, విందులు అన్నీ ఆ ఇంటి పెద్ద హాల్లోనే జరిగేవి. తొలి రోజుల్లో ఆ హాలు నడుమ నేల మీదే నిప్పు వేసుకునేవారు. పొగ కప్పు సందుల్లోంచి తనకు తోచినట్టు పోయేది. తరవాత నిప్పు గోడలోకి వెళ్లింది, దాని మీద పొగగొట్టం లేచింది. ఒక కాలంలో ఇంట్లో ఎన్ని పొయ్యిలుంటే అంత పన్ను కట్టాల్సి వచ్చేది. దాంతో ఇంటి మీద పొగగొట్టాలు ఎక్కువగా కనిపించడం కలిమికి గుర్తయింది.

మన బంగళాను కట్టించిన దొర రబ్బరు తోటల యజమాని. తన పూర్వీకుల మేనర్‌కు ఇది నకలని అందరికీ చెప్పుకున్నాడట. ఇంటి అసలు ప్లాను మీద మాత్రం ‘మేనర్ తరహాలో’ అని ఒక్క మాటే ఉంది, పూర్వీకుల ఊసు లేదు. ఇంగ్లండులో అలాంటి ఇళ్లకు ఓక్ దూలాలతో చట్రం కట్టి, సందులు పూడ్చి, సున్నం వేస్తారు. ఇక్కడ గోడ మొత్తం ఇటుకే. దాని మీద పలకలు బిగించి నల్లరంగు పూశారు. చలిగాలి రాకుండా చిన్న చిన్న అద్దాల కిటికీలు పెట్టారు. పెట్టాక ఉక్క భరించలేక పక్కనే నిలువెత్తు చెక్కరెక్కల కిటికీలు మళ్లీ పెట్టారు. కప్పు మీద ఐదు పొగగొట్టాలు. కింద ఫైర్‌ప్లేస్, అంటే చలి కాచుకునే పొయ్యి, ఒక్కటే. చలి అన్నదే లేని దేశంలో ఆ ఒక్కటీ ఎందుకని అడిగేవాళ్లు ఆ రోజుల్లో లేరు కాబోలు. మనిషి వంగకుండా లోపల నిలబడగలిగినంత పెద్ద పొయ్యి అది.

సింహాద్రి సందర్శకులకు ఐదు గొట్టాలూ పనిచేస్తాయని చెప్పేవాడు. మేడ మీద గదిలో ఒక రాజు పడుకున్నాడని కూడా చెప్పేవాడు. ఏ రాజని అడిగితే, అడిగినవాళ్ల మొహం చూసి పేరు మార్చేవాడు.

రెండో రోజు మధ్యాహ్నం అతను కాఫీ ఇచ్చి, అసలు విషయం బయటపెట్టాడు. ఏప్రిల్ 1, శనివారం, రోహిణి. ఆ రోజు అతని షష్టిపూర్తి. హోమం చేయాలి. గుడి హాలు ఆ రోజుకు వేరేవాళ్లు పెళ్లికి ముందే తీసుకున్నారు. ఫ్లాట్ల కింద అద్దెకిచ్చే హాళ్లలో నిప్పు వేయనివ్వరు. ఇంట్లో చేసుకుందామంటే ఆ ముచ్చట ఇదివరకే తీరింది. మనవరాలి బారసాలకు యూ టీ ఫ్లాట్లో చిన్న హోమం పెట్టుకుంటే, ఎదురింటివాళ్లు పొగ చూసి భయపడి ఫోను చేశారు. అగ్నిమాపక సిబ్బంది వచ్చి, గుమ్మం దగ్గర బూట్లు విప్పి, లోపలికొచ్చి, ఎంతో మర్యాదగా హోమగుండం ఆర్పేసి వెళ్లారు.

అప్పటి నుంచి అతని తల్లి అప్పాయమ్మ గారు పట్టుబట్టారు. ఆవిడకు అప్పుడు ఎనభై రెండేళ్లు. కొడుకు షష్టిపూర్తి నిజమైన నిప్పు ముందు జరిగితేనే పీట దగ్గరకు వస్తానన్నారు. ఎవరో బల్బు పెట్టిన హోమగుండం అద్దెకు దొరుకుతుందని చెప్పారట. ఆవిడ అన్న మాట సింహాద్రి ఆవిడ గొంతుతోనే అనుకరించి చెప్పాడు.

“బల్బెట్టి హోమవా? అలాగైతే ఆ ఫోన్లోనే అచ్చింతలు ఎయ్యండి. నాను రాను.”

మేనర్‌లో పొయ్యి ఉంది, పైన గొట్టం ఉంది, పొయ్యి తూర్పు గోడకుంది కాబట్టి దంపతులు తూర్పు మొహంగా కూర్చోవచ్చు. టాన్‌ను అడిగితే మొదట ఏప్రిల్ ఒకటి కదా అని నవ్వాడట. తరవాత ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. పొగదారికి నేను ఒకటి వేయాలి. లేకపోతే ఆనవాయితీ ప్రకారం పొయ్యి నోరు ఇటుకలతో మూసేస్తారు.

“మీ చేతిలో ఉంది మేడమ్. బోలే?” అన్నాడు సింహాద్రి. అవుతుందా అని అర్థం.

పరీక్ష చేసి చెబుతానన్నాను.

పొగదారిని పరీక్షించే పద్ధతి సులువే. పైన గొట్టం నోరు మూసి, కింద దట్టమైన పొగ పెట్టి, పొయ్యి నోటికి కూడా పలక అడ్డంపెట్టాలి. దారిలో పగుళ్లుంటే గోడల్లోంచి, గదుల్లోంచి పొగ బయటపడుతుంది. ఆ తరవాత పైన మూత తీసి, పొగ పైకి లాగుతోందో లేదో చూడాలి. ఇందుకు ఇంగ్లండులో పొగ గుళికలు అమ్ముతారు. సింగపూర్‌లో పొగగొట్టాల వ్యాపారమే లేదు కనక గుళికలూ లేవు. తెప్పించుకుంటే వచ్చేసరికి రోహిణి దాటిపోతుంది. నేను మనవాళ్ల కొట్లుండే సెరంగూన్ రోడ్డుకు వెళ్లి పిడకలు, సాంబ్రాణి కొన్నాను. అంత సాంబ్రాణి ఏ దేవుడికని కొట్టువాడు అడిగాడు. ఇటుకలకని చెప్పాను. ఏదో కొత్త మొక్కు అనుకున్నాడు, ఒక పొట్లం కొసరు వేశాడు.

మార్చి 17న పదిన్నరకు పరీక్ష పెట్టాను. అప్పాయమ్మ గారు టాక్సీలో దిగారు, నిప్పు తానే రాజేస్తానన్నారు. వెంటనే ఆ రోజు శుక్రవారమనీ, పదిన్నర నుంచి రాహుకాలమనీ చెప్పి, పన్నెండు దాకా ఎవరినీ అగ్గిపుల్ల ముట్టుకోనివ్వలేదు. ఆలస్యానికి కారణం రాయాల్సిన చోట నేను ‘అనుకూల పరిస్థితుల కోసం నిరీక్షణ’ అని రాశాను. అందులో అబద్ధమేమీ లేదు.

ఐదు గొట్టాలకు తూర్పు నుంచి నంబర్లు వేశాను. పొయ్యికి సరిగ్గా పైన ఉన్నది ఒకటో నంబరు. దాని నోరే మూయాలని టాన్ అన్నాడు. “నేరుగా పైకే కదా లా, ఇంకెక్కడికి పోతుంది?” అన్నాడు, ఇక్కడివాళ్లు మాటకు తగిలించే ‘లా’తో. ప్లానులో కూడా గీత నిటారుగానే ఉంది. పొగదారులు గోడలో వంకర తిరగడం ఉన్నదే అని నేను చెప్పి, ఒకటో నంబరే మూయించి, జాగ్రత్తకు పలాస కుర్రాడు గణేష్‌ను ఐదూ కనిపించేలా కప్పు మీద కూర్చోబెట్టాను. గణేష్ తువాస్‌లోని పనివాళ్ల డార్మిటరీ నుంచి వచ్చే మేస్త్రీల్లో ఒకడు, ఎత్తులంటే బెదరడు.

అప్పాయమ్మ గారు పిడకలు అంటించి, గుప్పెడు సాంబ్రాణి చల్లి, దండం పెట్టారు. మేం పలక అడ్డంపెట్టాం. పొగ ఎక్కడా కనబడలేదు. గదుల్లో లేదు, గోడల్లో లేదు. మూసిన గొట్టం కింద అంత పొగ ఎక్కడికి పోయిందో తేలక నేను మెట్లెక్కుతుండగా పైనుంచి గణేష్ కేక వినబడింది.

“మేడమ్! రెండోదాన్నుంచొస్తంది! రైలింజనులాగొస్తంది!”

ఒకటో నంబరు ఉత్త అలంకారం. ఇంటి చివర రోడ్డు మీదికి కనబడాలని కట్టిన ఖాళీ డబ్బా. అసలు పొగదారి మూలనున్న అడ్డగోడలో ఏటవాలుగా పోయి రెండో గొట్టంలో తేలుతోంది. మూడు, నాలుగు, ఐదు కూడా డబ్బాలే. సింహాద్రి ముందు నొచ్చుకున్నాడు. తరవాత, ఒక్కటైనా పనిచేస్తోంది కదా మేడమ్ అని తేరుకున్నాడు.

ఈలోగా గుట్ట కింద ఇళ్లవాళ్లు ఆ ఇంటి మీద ఎన్నడూ చూడని పొగ చూశారు. ఫైరింజను వచ్చింది. దిగిన అధికారి తమిళుడు. లోపలికి వచ్చి గాలి పీల్చి, ఇక్కడ బాధ్యులెవరని అడిగాడు. అందరూ నా వైపు చూశారు. అతను కాగితం తీశాడు.

“ఆంటీ, ఇది పూజా, పరీక్షా, అగ్ని ప్రమాదమా? ఇందులో ఒక్కటే రాయడానికి వీలుంది.”

పరీక్ష అన్నాను. అదే క్షణంలో అప్పాయమ్మ గారు పూజ అన్నారు. ప్రమాదం కాదని టాన్ గట్టిగా చెప్పాడు. అధికారి ఏదో రాసుకున్నాడు, ఏం రాశాడో నాకు చూపించలేదు. ఈసారి ముందుగా ఫోను చేసి చెప్పమని మాత్రం కోరాడు. అప్పాయమ్మ గారు ఆయనకు, ఆయన మనుషులకు కాఫీ ఇచ్చేదాకా వదల్లేదు.

ఆ పరీక్ష చెల్లదు. మూయాల్సిన గొట్టం మూయలేదు కనక పగుళ్ల సంగతి తేలలేదు. సింహాద్రికి ఇది మింగుడు పడలేదు. పొగ పైకి పోయింది, అందరూ చూశారు, ఫైరింజను కూడా చూసింది, ఇంకేం కావాలని అతని వాదన.

మార్చి 21న, అగ్నిమాపక కేంద్రానికి ముందే చెప్పి, రెండో నంబరు మూసి మళ్లీ పొగ పెట్టాం. ఈసారి మేడ మీద గదిలో, రాజు పడుకున్నాడని సింహాద్రి చెప్పే గదిలోనే, గోడకు కొట్టిన చెక్కల సందుల్లోంచి పొగ సన్నగా వచ్చింది. పొగదారి వంపు తిరిగిన చోట సున్నం రాలిపోయి ఇటుకలు విడిపోయాయి. ఆ స్థితిలో నేను వేయగలిగిన అంకె మూడు. వేశాను.

సింహాద్రి ఆ గదిలో ఎవరూ పడుకోరని బతిమాలాడు. గదిలో మనిషి ఉన్నాడా లేడా అని పొగ చూసుకోదని చెప్పాను. అతను మెట్లు దిగాడు. కింద బల్ల మీద కూర్చున్న తల్లి దగ్గరకు వెళ్లి ఏం చెప్పాడో నాకు వినబడలేదు. ఆవిడ మాత్రం మెట్ల మీద దిగుతున్న నన్ను ఆపారు.

“సర్వేరమ్మా, నీ మూడుకి మందు నేదా?”

ఉంది. మూడు అంటే శాశ్వతం కాదని చెప్పాను. ఆ మాట అంత తొందరగా చెప్పి ఉండవలసింది కాదు, ఎందుకంటే మందు దొరుకుతుందో లేదో అప్పటికి నాకే తెలియదు. సున్నంతో పూడిస్తే ఆరడానికి వారాలు పడుతుంది. ఇంకో దారి, పొగదారి లోపల వంగే ఉక్కు గొట్టం దించడం. ఇంగ్లండులో అదే చేస్తారు. ఇక్కడ అలాంటి గొట్టం ఎవరి దగ్గర ఉంటుందా అని ఆలోచిస్తే, ఆ రోజు మధ్యాహ్నం భోజనం చేస్తున్న హాకర్ సెంటర్‌లో నా నెత్తి మీదే కనబడింది. సాటే, అంటే పుల్లలకు గుచ్చిన మాంసం, కాల్చే దుకాణం పొగను బయటికి తీసుకుపోతున్న గొట్టం అది. దుకాణదారును అడిగి, దాన్ని బిగించినవాడి నంబరు తీసుకున్నాను.

టాన్ ఒప్పుకోడనుకున్నాను. పాత కట్టడాల పనిలో ఒక నియమం ఉంది. కొత్తగా పెట్టినదేదైనా పాతదానికి దెబ్బ తగలకుండా మళ్లీ తీసేయగలిగేలా ఉండాలి. గొట్టం పైనుంచి దించి, పైనుంచే లాగేయవచ్చని నేను గీసి చూపించాను. టాన్ ఆ కాగితాన్ని ఫొటో తీసుకుని సరే అన్నాడు. సాటే గొట్టాలవాడు 28న వచ్చి, మేనర్ పొగదారి చూసి, ఈ స్టాలు ఎవరిదని అడిగి, పని పూర్తిచేసి వెళ్లాడు. మార్చి 30న మూడో పరీక్ష. పైన మూసినప్పుడు ఎక్కడా పొగ జాడ లేదు, తెరవగానే బాగా లాగింది. మూడు కొట్టేసి ఒకటి వేసి, పక్కన సంతకం, తేదీ పెట్టాను.

ఏప్రిల్ 1న షష్టిపూర్తి జరిగింది. పొయ్యి లోపల ఇటుకలు పేర్చి హోమగుండం కట్టారు. పక్కన ఇసుక బకెట్లు, ఆర్పే సిలిండర్లు పెట్టించాను. సింహాద్రి, అతని భార్య రాజ్యం తూర్పు మొహంగా కూర్చుని చెమటలో తడిసిపోయారు. పొగ ఒక్క పోగు కూడా తప్పకుండా పైకి వెళ్లింది. హాలు నిండా జనం, ఒక్కరూ దగ్గలేదు. నా వృత్తిలో అంత చక్కగా పనిచేసిన పొగదారి మరొకటి చూడలేదు.

పూర్ణాహుతి అయ్యాక అప్పాయమ్మ గారిని తృప్తిగా ఉందా అని అడిగాను. ఆవిడ కొడుకును, కోడలిని దీవించారు, అక్షింతలు వేశారు. తరవాత నా వైపు తిరిగారు.

“అంతా బాగుంది గానీ అమ్మా, కళ్లు మండనేదు, నీళ్లు కారనేదు. పొగ నేని హోమవేటి? ఆ గొట్టం కాసింత మూయించనేకపోనావా?”

 సర్వేలో ఒకటి వేసిన భాగం గురించి ఫిర్యాదు రావడం నాకదే మొదటిసారి.

ఏదైనా పనిచేస్తుందా లేదా అని కొలిచే ముందు, వాడబోయే మనిషి దాని నుంచి ఏం కోరుతున్నాడో అడిగి తెలుసుకోవాలి. ఉద్యోగంలో మిగిలిన రెండేళ్లలో ప్రతి నివేదికా ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టాను. కొందరు సహోద్యోగులు అది అనవసరమన్నారు. వాళ్లు అప్పాయమ్మ గారి కోసం పనిచేయలేదు.