కందెన నీది, చక్రం నాది

కారు కింద పళ్ళెం పెట్టి పాత ఇంజనాయిలు వదులుతుంటే, ఆ నల్లటి వెచ్చటి వాసనకి మా నాయన ఎద్దుల బండి గుర్తొస్తుంది. మొన్న అది గుర్తు రావడంతో ఆగలేదు. స్టీరింగు తిప్పితే కటకటమంటోంది, వారంటీ ఇంకా ఉంది, షోరూమువాళ్ళేమో ఆయిలు ఇంట్లో మార్చారు కాబట్టి వారంటీ చెల్లదని ఫోన్లో తేల్చేశారు. నేను ఒప్పుకోలేదు.

అల్లూరు దగ్గర మా ఊళ్ళో కోతలప్పుడు, మంచుకు తడిసిన గడ్డి వాసనలో, కళ్ళంలో మొలగొలుకుల వడ్ల కుప్పల పక్కన, నిన్నటి చేపల పులుసు కలిపిన అన్నం తిని, వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంలో నూరి బండి ఇరుసుకు కందెన చేయడం నా పని. నన్ను బడికి పంపలేదు గాని ఆ పని మాత్రం నాయన దగ్గరుండి నేర్పాడు. సముద్రపు గాలికి ఎగిరొచ్చే ఇసుక అందులో పడకూడదు, కందెన పోసిపెట్టే వెదురు గొట్టానికి ఎప్పుడూ గుడ్డ చుట్టి ఉండాలి.

కొత్త చక్రాలు ఇచ్చేటప్పుడు వడ్రంగి సుబ్బాచారి నాయనతో అన్నాడు: "ఏడాది లోపల ఏమైనా అయితే పూచీ నాది. కందెన నీది. ఇంకొకడి ఉలి దీని మీద పడిందా, నా గడప తొక్కబాక."

ఆ ఏడే, ధాన్యం కళ్ళంలో ఉండగా మబ్బు పట్టింది, మొదటి బస్తాలకే చక్రం ఆకు ఒకటి పగిలింది.

"రేకు ముక్క కొట్టెయ్ అన్నా, వానొస్తాది," అన్నాడు పక్క పొలమాయన.

"రేకు కొడితే పూచీ పోద్ది," అని నాయన చక్రం ఊడదీశాడు. ఇద్దరం దొర్లించుకుంటూ పోయాం. సుబ్బాచారి ఇరుసు బొక్కలో వేలు పెట్టి, కందెన తీసి, వేళ్ళ మధ్య రాసి, వాసన చూశాడు.

"ఎవురు పెట్టేది?"

"నా కూతురు."

"ఇసక లేదు. బాగుండాది. పురుగు నా కర్రలోనే ఉండాది."

కొత్త ఆకు వేసిచ్చాడు. వాన పడేలోపు ధాన్యం ఇంటికి చేరింది.

నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. కారు కొన్నప్పుడు దాంతోపాటు ఇచ్చిన ఇంగ్లీషు పుస్తకం కోడలు చదివి చెబుతుంటే, ఏ ఆయిలు పోయాలో, ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో తెలుగులో రాసుకున్నాను. అలాగే మార్చాను, రసీదులు దాచాను. అవి తీసుకుని షోరూముకు పోయాను.

"పెద్దమ్మా, ఆయిలు మీరే మార్చుకున్నారు గదా," అన్నాడు మేనేజరు.

"ఆయిలు ఇంజన్లో పోసినా అబ్బయ్యా, స్టీరింగులో కాదు. దాన్ని నేను ముట్టుకోలా. సొంతదారు ఆయిలు మార్చకూడదని మీ పుస్తకంలో యాడుండాదో చూపించు, పోతా."

అతను చాలాసేపు వెతికాడు. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. సాయంత్రానికి స్టీరింగు బాగుచేసి ఇచ్చారు, పైసా అడగలేదు.

రసీదులు మాత్రం తిప్పి తిప్పి చూశారు. బానెట్ ఎవరూ ఎత్తలేదు. ఇంటికొచ్చి నేనే ఎత్తి, ఆయిలు చూసే పుల్ల లాగి, వేళ్ళ మధ్య రాసి వాసన చూశాను. ఇసుక లేదు. నాయన ఎద్దుల బండి పోయింది, కందెన గొట్టం పోయింది, బాగుండాదని చెప్పే సుబ్బాచారీ లేడు. పుల్ల తుడిచి లోపల పెట్టాను.